ఎదురు రెక్క ఈక

నార్పోలి గల్లీలోని సమస్త ప్రజలకు తెలియజేయడమేమనగా, ఈరోజు పొద్దున చికెన్ దుకాణం వాళ్ల కోడిపుంజు మా గుమ్మంలోకి వచ్చి, ఈకలు అంటించడానికి కాచిపెట్టిన సరేసు గిన్నెలో కాలు పెట్టింది. పోతూ పోతూ కాలికి మూడు టర్కీ ఈకలు అంటించుకుని పోయింది. ప్రాణనష్టం ఏమీ జరగలేదు.

ఇంకో చిన్న వార్త ఏమిటంటే, నేను చనిపోబోతున్నాను.

దూస కనుకయ్య అనే నేను, తండ్రి పేరు రాజయ్య, వయసు యాభై రెండు, పుట్టింది సిరిసిల్ల దగ్గర, ఉంటున్నది భివండిలో. పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఒకప్పుడు సాంచాల మీద బట్ట నేసేవాణ్ణి, ఇప్పుడు రాంలీలా వాళ్ల రంగు బాణాలకు ఈకలు అంటిస్తున్నాను. పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఊపిరితిత్తులు పోయినా బుర్ర పోలేదని డాక్టరు ఇచ్చిన కాగితం దీని వెనక కుట్టాను.

ఆ కాగితం ఎందుకంటే, ఈ గల్లీలో నా మాట ఎవరూ నమ్మరు. సాంచాల ఖార్ఖానాలో పని చేసే రోజుల్లో నా చావు కబురు నేనే చాయ్ బండి బోర్డు మీద రాశాను. దండలు పట్టుకొచ్చిన వాళ్లకు నేను అక్కడే చాయ్ తాగుతూ కనిపించాను. "నువ్వు నిజంగ సచ్చినా నేను రాను పో" అని నా పక్క సాంచా మీద పనిచేసే సుందర్‌రాజు దండ నా మొహాన కొట్టాడు. సుందర్‌రాజూ, ఈసారి రా.

ఇప్పుడు మా తమ్ముడు భీమ్‌రావు అందరితో అంటున్నాడట, "మా అన్న మాటకు ఏం ఇజ్జత్ ఉన్నది? ఖోలీ నాకే అస్తది. ఆమెను ఊరికి తోలిస్త." ఆమె అంటే మా వదిన ఓదెమ్మ. చనిపోయిన మా పెద్దన్న యాదయ్య భార్య, ఈ ఖోలీలోనే ఉంటుంది. అందుకే నోటి మాట వదిలి కాగితం పట్టుకున్నాను.

1. నార్పోలిలో నా పేరున ఉన్న ఒక్క గది ఖోలీ, పైన అటకలాంటి మాళా, కరెంటు మీటరు, తాళంచెవులతో సహా వదిన ఓదెమ్మకు సర్వహక్కులతో చెందాలి. అమ్ముకోవచ్చు, కిరాయికి ఇచ్చుకోవచ్చు, తలుపు వేసుకుని పడుకోవచ్చు. ఇది మా నాయిన ఆస్తి కాదు, నా కష్టార్జితం. నాయిన మాకు వదిలింది దగ్గు ఒక్కటే. పెద్దన్నా నేనూ మా వాటాలు తీసుకున్నాం, భీమ్‌రావు వాటా అలాగే ఉంది. ఆమెను ఊరికి తోలే హక్కు ఎవరికీ లేదు. ఊళ్లో ఆమెకు మిగిలిన మనిషీ లేడు, గోడా లేదు.

2. ఇది ఆస్తి కాదు గానీ రాయక తప్పదు. బాణం తిన్నగా పోవాలంటే మూడు ఈకలూ పక్షికి ఒకే వైపు రెక్కవి ఉండాలి. రాంలీలా బాణం తిన్నగా పోకూడదు, ఎదురుగా వేషం కట్టిన మనిషి ఉంటాడు. అందుకని మా అన్న ఒక పద్ధతి పెట్టాడు. రెండు ఈకలు ఒక రెక్కవి, మూడోది ఎదురు రెక్కది. బాణం వింటిని వదిలాక తాగినవాడిలా ఊగి దగ్గర్లోనే పడిపోతుంది.

భీమ్‌రావు మంచి సాంచా పనివాడు. పడుగులో ఒక్క పోగు తప్పినా సరిచేసేదాకా వాడి చెయ్యి ఆగదు. అన్న చనిపోయిన ఏడాది, దసరాకు సాయం వచ్చి, ఆరబెట్టిన బాణాలు చూశాడు. వదిన నీళ్లకు పోయినప్పుడు ఎదురు రెక్క ఈకలన్నీ పీకి, వాడి లెక్కలో సరైనవి అంటించాడు. తర్వాత తాగి నాతోనే అన్నాడు, "అన్నా, అన్నిట్ల ఒకటి ఉల్టా ఉండె. నేనే మంచిగ జేసిన." నేత పని తెలిసినవాడు తప్ప ఇంకెవడూ చేయని తప్పు అది. అప్పటికే బాణాలు రాంలీలా మండలికి వెళ్లిపోయాయి. ఆ రాత్రి ఒక బాణం తిన్నగా పోయింది. రావణుడి వేషగాడి పక్క నుంచి పోయి, వెనక కూర్చున్న డోలక్ మనిషి కన్ను తీసింది.

మండలి వాళ్లు వచ్చి ఈకలు ఎవరు అంటించారని అడిగితే భీమ్‌రావు గోడ చూశాడు. వదిన "నేనే అంటించిన" అంది. అంటించింది ఆమే, పీకారన్న సంగతి ఆమెకు తెలియదు. నేను గల్లీ అంతా తిరిగి నిజం చెప్పాను. "కనుకయ్యా, గిదిగూడ మజాకేనా?" అని నవ్వారు. అప్పటి నుంచి ఆమె పేరు కన్ను తీసిన ఓదెమ్మ. ఆ పేరే సాకుగా చూపించి భీమ్‌రావు ఇప్పుడు ఖోలీ అడుగుతున్నాడు.

3. భీమ్‌రావుకు ఒక బాణం. ఎర్ర రంగుది, నేనే చేశాను, మూడో ఈక ఎదురు రెక్కది. తమ్ముడా, ఇంట్లో గోడకు కొట్టుకో. దాన్ని మంచిగ చేయకు.

4. వదిన బిడ్డ స్వర్ణకు సరేసు గిన్నె, రంగుల డబ్బాలు, కుంచెలు. నాకు దగ్గు వచ్చినప్పుడల్లా "బాబాయ్, తుమ్ రెహ్‌నే దో, నేను చూసుకుంట" అని కుంచె గుంజుకునేది. ఇక గుంజుకోవలసిన పని లేదు తల్లీ, తీసుకో.

5. ఈకలు కత్తిరించే కత్తెర ఎవరికీ రాయడం లేదు. ముఖ్యంగా వదిన చేతికి ఇవ్వొద్దు. ఆమె చెయ్యి వంకర, ఆమె కత్తిరిస్తే కోడికే సిగ్గవుతుంది. కత్తెరను వరాలా తలావ్ చెరువులో పడేయాలి. ఇక మీదట కత్తిరించిన ఈకలే కొనాలి.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత సుందర్‌రాజుకు అప్పగిస్తున్నాను. ఇన్నేళ్లలో నా జోకు ఒక్కదానికీ నవ్వని మనిషి అతనే, కోర్టులో పనికొస్తాడు. నా రేడియో అతనికే. అది ఖరఖర మంటుంది, నాకు అలవాటైపోయింది.

7. నా శవం ముందు డోలక్ వాయించొద్దు.

ఒక్క అబద్ధం దొరికినా దాన్ని పట్టుకుని భీమ్‌రావు మొత్తం కొట్టేయిస్తాడని వకీలు చెప్పాడు. కాబట్టి ఇందులో నేను కల్పించినవి నేనే చెబుతున్నాను. కోడిపుంజు రాలేదు. మా నాయినకు దగ్గు లేదు, ఆయన కాశేలి దగ్గర లారీ కింద పోయాడు. దగ్గు మా అన్నకూ నాకూ సాంచాల దూది నుంచి వచ్చింది, ఈకల నూగుతో ముదిరింది. వదిన చెయ్యి వంకర కాదు. మా ఇంట్లో అంత తిన్నని చెయ్యి ఇంకోటి లేదు. కత్తిరించేటప్పుడు లేచే నూగు ఆమె ఛాతీలోకి పోకూడదని, అన్న పోయిన నాటి నుంచి వంకర వంకర అని నవ్వి కత్తెర నా దగ్గరే పెట్టుకున్నాను. ఆమె నిజమే అనుకుంది.

కల్పన అంతవరకే. ఖోలీ నిజం. భీమ్‌రావు పీకిన ఈకలు నిజం. పోయిన కన్ను నిజం. పోయినసారి నిజం చెబితే నవ్వి వెళ్లిపోయారు, ఆమె ఆ పేరు మోసింది. ఈసారి నవ్వితే ఆమె రోడ్డు మీద ఉంటుంది. నవ్వొద్దు.

భివండి, 18 సెప్టెంబర్ 2025

(సంతకం) దూస కనుకయ్య

మా ఎదుట చదివి, మా ఎదుట సంతకం చేశాడు:
1. డేనియల్, కిరాణా దుకాణం, వరాలా తలావ్
2. ఆర్తి, నర్సు, నార్పోలి