సీనియర్ సంతకం కరువైన నాలుగు పేజీలు

అప్రెంటిస్ శిక్షణ అధికారి గారికి, అయ్యా,

విషయం: వ్యాయామశాలలో ఏడాది అప్రెంటిస్ శిక్షణ ముగించిన నా మనవరాలికి, శిక్షణ పుస్తకంలో సీనియర్ ట్రైనర్ సంతకం లేదన్న కారణంగా సర్టిఫికెట్ నిలిపివేయుట గురించి.

ముప్పైరెండేళ్లు బడిలో లెక్కలు చెప్పి విరమించిన నేను తమకు మనవి చేసుకొనునది:

1. అప్రెంటిస్‌ను పెట్టుకుంటే యజమానికి కలిగే లాభాల గురించి తమ కార్యాలయం ఒక కరపత్రం వేసింది. అందులోని ప్రతి మాటా నిజమని ధ్రువీకరిస్తున్నాను. కావలసిన తీరున మనిషి తయారవుతుందన్నారు, తయారైంది. సభ్యులు మానకుండా నిలుస్తారన్నారు, నిలిచారు. బరువులెత్తే కుర్రకారూ మోకాళ్ల నొప్పులవాళ్లూ మా పిల్లనే అడుగుతున్నారు. పొద్దున్నే తాళం తీసేదీ, ట్రెడ్‌మిల్ బెల్టు సరిచేసేదీ అదే.

2. లాభం ఇంత బాగా కనబడేసరికి, ఇక సీనియర్ దేనికని యజమాని ఆయన్ను పంపేశాడు. ఆయన ఏదో ఓడలో ప్రయాణికులకు కసరత్తు నేర్పే పనికి వెళ్లాడు. ఫోను కలవదు.

3. ఆ విధంగా శిక్షణ పుస్తకంలో చివరి నాలుగు పేజీలు సంతకం లేక మిగిలాయి. తమ గుమాస్తాను అడిగాను.

"యజమాని సంతకం చెల్లదు మామ్మగారూ. సీనియర్ ట్రైనరే పెట్టాలి."

"అక్కడ ఇప్పుడు సీనియర్ మా పిల్లే నాయనా."

"తన పుస్తకంలో తనే ఎలా పెట్టుకుంటుందండీ?"

"మరెవరు పెట్టాలి?"

"అది మీరే చూసుకోవాలి."

4. యజమాని లాభం రుచి మరిగి రెండో అప్రెంటిస్‌ను చేర్చుకున్నాడు. కుట్టుమిషను వదిలి వచ్చిన నలభై ఏళ్ల టైలరు. అతని పుస్తకంలో 'సీనియర్ ట్రైనర్' అన్నచోట మా పిల్లే సంతకం పెడుతోంది, తమ కార్యాలయం మూడు నెలలుగా దానిపై ముద్ర వేస్తోంది. అతనికి సీనియరై, తనకు తాను మాత్రం అప్రెంటిస్‌గా ఉండుట ఏ నిబంధన కిందికి వచ్చునో నాకు అంతుబట్టలేదు.

5. ఆసుపత్రిలో రోగులచేత వ్యాయామం చేయించే ఉద్యోగానికి మా పిల్లను ఎంపిక చేశారు. శుక్రవారం సాయంత్రంలోగా సర్టిఫికెట్ చూపాలి. ఈరోజు బుధవారం. గద్దించి పని చేయించుకోవడం నాకు చేతనవును. ఎవరిని గద్దించాలో తెలియడం లేదు.

కావున ఆ నాలుగు పేజీలను తామే పరిశీలించి సంతకం చేయవలసిందిగా వేడుకొంటూ, ఈ మొర చిత్తగించ ప్రార్థిస్తున్నాను.

తమ విధేయురాలు
(అలవాటు లేకపోయినా),
అప్రెంటిస్ అమ్మమ్మ

తా.క. నిన్న యజమాని పళ్లు పట్టుకుని ఇంటికొచ్చాడు. "దారి దొరికింది మామ్మగారూ! అమ్మాయిని ఇంకో తొమ్మిది నెలలు ఇలాగే ఉండనివ్వండి. టైలరు శిక్షణ పూర్తయి సీనియర్ అవుతాడు. అతనే సంతకం పెట్టేస్తాడు" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా మా పిల్ల, "పోనీ అమ్మమ్మా, అలాగే చేద్దామా?" అంది. అది 'పోనీ' అనే పిల్ల కాదు. పెట్టు నాయనా సంతకం.