ఒరిగే బండి

జూలై 3, గురువారం

ఎమ్మిగనూరు వెళ్ళి వచ్చాను. మా ఆదోని దాటగానే తుంపర. నల్లరేగడి తడిసిన వాసన. బండి బాగానే నడిచింది. నేనే సరిగా నడపలేదు — ఎడమకు తిరిగే ప్రతి మలుపులో ఒళ్ళు కుడికే జరుగుతోంది.

పెళ్ళయినప్పటి నుంచీ సరళ నా వెనక, చీర కట్టుకుని, కాళ్ళు రెండూ ఎడమవైపుకు వేసి కూర్చునేది. ఆ బరువుకు సరిపడా నేను కుడికి ఒరిగేవాణ్ణి. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఒంటికి ఇంకా తెలియలేదు.

జూలై 4, శుక్రవారం

పెట్రోలు బంకులో మళ్ళీ అదే. "ముందర రెండు చక్రాలు, ఎనక ఒకటి... ఆటోను తిరగేసి పెట్టినారా సార్?"

నవ్వాను. ఆటో ఒరగదు, ఇది ఒరుగుతుంది అన్నాను. మలుపులో ముందు చక్రాలు రెండూ మనతోపాటే వంగుతాయి. ఆపేటప్పుడు బటన్ నొక్కితే నిటారుగా నిలుస్తుంది. కాలు కింద పెట్టనక్కర లేదు.

"కాలు పెట్టేదానికి గూడా సోమరితనమా?"

డబ్బులిచ్చి బండి తీశాను. సరళ పాదాలకు స్పర్శ తగ్గిన సంగతి బంకులో చెప్పేది కాదు. పాత బండి ఆపినప్పుడల్లా కాస్త ఊగేది, ఆమె నా భుజం గట్టిగా పట్టుకునేది. బెంగళూరులో ఎవరో వాడి అమ్మేస్తున్నారంటే దీన్ని తెచ్చాను. దీని మీద పట్టుకోవడం మానేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కొన్నాళ్ళు నాకు అదో వెలితి.

జూలై 6, ఆదివారం

ఎమ్మిగనూరు నుంచి ఖాజా వచ్చాడు. బస్సులో. మోచేతికి కట్టు.

సరళ పుట్టింటి పక్కిల్లు వాళ్ళది. ఆమెను అక్కా అంటూనే పెరిగాడు. నూలు వ్యాపారం. చిన్నప్పుడే పోలియో — కుడికాలు సన్నం. స్కూటరుకు వెనక అటొకటి ఇటొకటి చక్రాలు తగిలించుకుని తిరుగుతాడు.

"ఏమైంది?"

"పెద్దకడుబూరు క్రాసులో బోర్ల పడినా సార్. మూటలు బురదలో, నేను మూటల మీద. నూలు నన్ను కాపాడింది, నేను నూలును కాపాడలేదు." నవ్వాడు. తరవాత నవ్వలేదు. "మలుపులో అది ఒంగదు గదా. ఒక పక్క చక్రం పైకి లేస్తాది. ఇది రెండోసారి. మా ఆమె తాళం దాచిపెట్టింది."

ఆదోని నుంచి నూలు పోకపోతే అతని కొట్టు మూతే. టీ తాగినంతసేపూ బండినే చూశాడు.

"గేరు లేదు. బ్రేకులు రెండూ చేతికే. కాలుతో పనే లేదు... ఈ బండి నాకిస్తారా సార్? ధర మీరే సెప్పండి."

ఆలోచిస్తానన్నాను.

జూలై 7, సోమవారం

ఆలోచించలేదు. బండి తుడిచాను.

జూలై 9, బుధవారం

నాగరాజు ఫోన్. సరళ తమ్ముడు.

"ఖాజాగాడు బండి అడిగినాడంట గదా బావా. అక్క కూసున్న బండి. ఎట్ల ఇస్తావ్?"

"ఇంకా ఇవ్వలేదు."

"ఇయ్యనని సెప్పేదానికి ఏమి?"

"వాడు మళ్ళీ పడితే?"

అటునుంచి లారీ హారన్ వినిపించింది.

"ఆ మాట నాకు సెప్పొద్దు బావా. వాడు నా దోస్తు."

జూలై 12, శనివారం

అమ్మడం కాదు, వారం వాడుకుని చూడు అన్నాను ఖాజాతో. బండి ఎమ్మిగనూరులో వదిలాను. బటన్ ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు వదలాలో చూపించాను. అన్నిటికీ తలూపాడు. వినలేదని తెలుస్తూనే ఉంది.

బస్సులో తిరిగొచ్చాను.

జూలై 14, సోమవారం

వసారాలో బండి చోటు ఖాళీ. చెప్పులు అక్కడ విడవబోయి, ఎప్పటి చోటనే విడిచాను.

జూలై 17, గురువారం

ఎమ్మిగనూరు. ఖాజా కొట్టు ముందు బండి. ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ ఇనుప పట్టీ. రెండు చోట్ల వెల్డింగు. ట్రాక్టరు ట్రాలీలకు వేసే రకం.

"ఊగుతాండె సార్. ముందర ఏదో లూజయింది అనుకొని పట్టీ కొట్టిచ్చినా. ఇప్పుడు గట్టిగుంది, చూడండి." హ్యాండిల్ పట్టి కుదిపి చూపించాడు. కదల్లేదు.

గొంతు పెరిగింది నాకు. చాలా కాలానికి. వీధిలో ఇద్దరు ఆగారు. అది ఊగడం కాదు, ఒరగడం. ఒరగకపోతే నీ స్కూటరుకూ దీనికీ తేడా ఏముంది...

తల దించుకున్నాడు.

"భయమైంది సార్. సిన్నప్పట్నుంచి నా కాలు నన్ను ఒక పక్కకే పడేస్తాంది. బండి గూడా పక్కకు ఒంగితే... పడతాండాననే అనిపిస్తాది."

 సరళ కూడా మొదటి రోజు కళ్ళు మూసుకునే కూర్చుంది.

ఈలోగా నాగరాజు వచ్చాడు. పట్టీ చూశాడు. "ఏమప్పా, నీ సెయ్యికి కట్టు కట్టినారని బండికి గూడా కట్టిచ్చినావా?" ముందు ఖాజాయే నవ్వాడు. నవ్వు ఆగాక నాగరాజు నాతో, మెల్లగా — "తీస్కపో బావా. ఇంక సాలు."

తీసుకుపోవచ్చు. పట్టీ కోయించి ఎక్కి వచ్చేయవచ్చు. కోయించాను. "నిన్న పెట్టమంటిరి, నేడు తియ్యమంటిరి" అని వెల్డరు గొణుగుడు. పెయింటు మీద రెండు కాలిన మచ్చలు.

ఎక్కలేదు. ఈ పూట నాగరాజు ఇంట్లోనే ఉంటున్నాను.

జూలై 18, శుక్రవారం

పొద్దున్నే ఆదోని రోడ్డు. ముందు నేను, వెనక ఖాజా. మలుపు రాగానే అతను ఎదురువైపుకు గుంజాడు. బండి తిరగనంది.

"నాతోపాటు ఒంగు."

"ఒంగితే పడతాం సార్."

"ఒంగకపోతేనే పడతాం."

మూడు మలుపులు. లాభం లేదు. ఇక మిగిలిన దారి ఒకటే. దిగి, అతన్ని ముందు కూర్చోబెట్టాను.

వెనక సీటు మీద నేనెప్పుడూ కూర్చోలేదు.

ముందు వీపు తప్ప ఏమీ కనిపించదు. మలుపు వచ్చాకగానీ వచ్చిందని తెలియదు. పక్కన మాత్రం అంతా కనిపిస్తుంది — పత్తి మొలకలు, గట్టు మీద సద్దిమూట విప్పుతున్న కూలీలు, ఒక ఎర్ర చీర. ఇన్నేళ్ళూ ఆమె చూసిన దారి వేరు, నేను చూసిన దారి వేరు. ఇల్లు చేరాక ఆమె చెప్పేవి — ఫలానా చేలో నీళ్ళు నిలిచాయి, ఫలానా వాళ్ళు కొత్త గేదెను కొన్నారు — నేనెందుకు చూడలేదో ఇవాళ తెలిసింది.

కోటేకల్లు దగ్గర మలుపు. ఖాజా భుజాలు బిగుసుకున్నాయి. చేయి వేశాను. నేను ఒరిగాను. అతను ఒరిగాడు. బండి ఒరిగింది.

"పడలే సార్!"

"రోడ్డు చూడు."

జూలై 19, శనివారం

బస్టాండు దాకా నాగరాజు దింపాడు. బండి ఖాజా దగ్గరే.

"బాగానే తోల్తాండాడు బావా."

"ఊ."

"అయినా ఇయ్యొద్దు."

"ఊ."

జూలై 22, మంగళవారం

ఖాజా ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. వాన.

జూలై 25, శుక్రవారం

పొద్దున ఖాజా ఫోన్. గొంతు పెద్దగా ఉంది. "ఆదోని నుంచే మాట్లాడతాండా సార్. నూలు ఎత్తుకున్నా. రైలు గేటు కాడ ఇంతసేపు ఆపినా — కాలు కింద పెట్టలే! ఎనకుండే లారీవోడు దిగొచ్చి చూసిపోయినాడు." ఆగాడు. "వారం ఎప్పుడో దాటిపాయ. మీ ఇంటి కాడికి రావల్లా, ఎమ్మిగనూరుకు పోవల్లా?"

ఇటు వస్తే బండి నాది. అటు పోతే అతనిది. అంతే అడిగాడు.

వచ్చి టీ తాగిపో అన్నాను.

వచ్చాడు. బండి వాకిట్లో, నిటారుగా. వెనక సీటు మీద నూలు మూటలు, తాడుతో బిగించి కట్టి. సీటు కనిపించడం లేదు.

టీ అయింది. తాళం చెవి నా వైపు చాచాడు. తీసుకోలేదు. ఉంచుకో అనలేదు.

"సార్?"

అప్పుడే చినుకులు. నూలు తడుస్తుంది, టార్పాలిను పట్ట తెస్తానుండు అని లోపలికి వచ్చాను.

పట్ట దొరికింది. మడత మీద మడత, ఇది రాస్తుంటే ఒళ్ళోనే ఉంది. దీన్ని మూటల మీద కప్పితే బండి ఎమ్మిగనూరుకే. ఖాజా వసారాలో నిలబడే ఉన్నాడు. చినుకులు పెద్దవవుతున్నాయి.