వదిలినా దిగని రేసు

యాదగిరీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నాకు రాత సరిగా రాదని తెలుసు కదా, నవ్వకు.

గోపన్‌పల్లిలో మన మెకానిక్ షెడ్డు చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. నీ పాత జీపు ఇంజన్ నేనే విప్పి కట్టాను. వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ కొత్తది వేసి, దాని మీద ఆనే ట్యాపెట్లు కూడా కొత్తవే పెట్టాను. పాతవి పెడితే క్యామ్‌ను తినేస్తాయని అరిచేవాడివి.

పొద్దున జీపెక్కి స్టార్ట్ చేసి, రేసు పెడల్ తొక్కి పట్టుకున్నాను. "మల్లిగా, మొదటి ఇరవై నిమిషాలు రేసు దించకురా. దించితే నూనె క్యామ్ మీదికి చిమ్మది, అరిగిపోతది" అనే నీ మాట గుర్తుంది. పది నిమిషాలు కాకముందే పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గోడ మీదుగా కేకేశాడు.

"ఓ తాతా, జర ఆపు! మేడమ్‌లకు మీటింగులున్నయంట!"

"మీటింగే ఆపుకోమను, పో!" అన్నాను. అంతలో కాలు తిమ్మిరెక్కి పెడల్ మీది నుంచి జారిపోయింది.

రేసు దిగలేదు.

వంగి చూశాను. పెడల్ కిందికే ఉంది. స్ప్రింగు బాగానే ఉంది. చేత్తో లాగినా రాలేదు, పైన ఎవరిదో కాలు ఉన్నట్టే బరువు. గడియారంలో ఇరవై నిమిషాలు నిండాక అదే మెల్లగా పైకి లేచింది. ఇంజన్ నిదానంగా ఆడింది. ట్యాపెట్ల టకటక లేదు.

అప్పట్లో మనం ఇంజన్ కట్టిన ఆ కాంట్రాక్టరు కారుకు క్యామ్ అరిగినప్పుడు, తప్పు నీదేనని అందరి ముందు అన్నాను. నువ్వు చాయ్‌కి వెళ్లినప్పుడు రేసు దించింది నేనే. నువ్వు ఒక్క మాట కూడా అనలేదు.

నీకు అప్పుడే తెలుసు. లేకుంటే ఇవాళ నా మీద నమ్మకం లేనట్టు పెడల్ తొక్కిపట్టి ఎందుకు కూర్చుంటావు?

మల్లయ్య