చక్రాలు బయట

జూన్ 4
టైపింగ్ సెంటర్లో ఎవరూ లేరు. పొద్దున్నుంచి మూడే వాక్యాలు. తాడిచెట్టు మీది నుంచి పడ్డాక కాళ్లు, వేళ్లు కదలవు, భుజం ఒక్కటే మాట వింటుంది. నాయిన తాను చెట్టెక్కే పాత మోకు తోలు కోసి పట్టీ కుట్టాడు — అరచేతికి కట్టి, అందులో పుల్ల దూర్చి, ఒక్కొక్క అక్షరం పొడుస్తున్నాను.

జూన్ 9
టైపింగ్ నేర్పే రజిత మేడం కంప్యూటర్లో ఏదో సెట్టింగు మార్చింది. షిఫ్టు నొక్కి వదిలేసినా పట్టుకునే ఉంటుంది. రెండో చెయ్యి అక్కర్లేదు! "ఇగ ఉద్యోగం రాకపోతే నన్నడుగు యాదగిరీ..." నమ్మాలంటే భయం.

జూన్ 15
హాల్ టికెట్. ఖమ్మంలో టైపింగ్ పరీక్ష. వికలాంగుల కోటా పోస్టు ఒక్కటే. వచ్చే నెలతో ఉద్యోగానికి నా వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు.

జూన్ 18
సెంటర్లో అందరూ చెప్పులు బయట విడవాలి. నేను కూర్చునే బండి చక్రాలను నాయిన రోజూ తడిగుడ్డతో తుడుస్తాడు, అప్పుడే లోపలికి. అవే నా చెప్పులట.

జూన్ 25
పోయింది. అంతా పోయింది.

జూన్ 26
నిన్న పరీక్ష నుంచి వచ్చాక రాయడానికి చెయ్యి ఆడలేదు.
పరీక్ష గది గుమ్మంలో సారు — "బండి బయటనే. దుమ్మొస్తది." నాయిన చెప్పులు విడిచి తడిగుడ్డ తీశాడు. "తుడుస్త సారూ..." "రూలంటే రూలే." "అట్లనే సారూ." నన్ను పసిపిల్లాడిలా ఎత్తుకెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాడు. సారుకు దండం పెట్టి బయటికి పోయాడు.
బండికున్న నడుం బెల్టు ఆ కుర్చీకి లేదు. చెయ్యెత్తితే చాలు, పక్కకు జారిపోతున్నాను. పుల్ల గాల్లో. మొత్తం కొట్టింది రెండు లైన్లు.
'బండి కావాలి సారూ' అని ఎందుకు అనలేదు? అందరూ చూస్తున్నారని సిగ్గు. థూ, నా బతుకు.
బయటికి మోసుకొస్తూ నాయిన — "లోపట సల్లగున్నదా బిడ్డా? మంచిగ కొట్టినవా?"
"అవ్ నాయినా."

జూలై 2
నాయిన రోజూ చెట్టు దిగి రాగానే అదే మాట. "రిజల్టు వచ్చిందా?"

జూలై 6
మేడంకు చెప్పేశాను. ఏడ్చింది. "బండి లోపటికి రానిస్తరా అని ముందే ఫోన్ జేసి అడగాల్సింది, నాకు తట్టలే. మీ నాయినకు చెప్పినవా?"
ఏమని చెప్పను... నువ్వు ఎత్తుకున్నావు, అక్కడే పోయింది అనా?

జూలై 11
నాయిన కొత్త పట్టీ కుట్టాడు. ఉద్యోగంలో చేరే రోజు కట్టుకోవాలట. కట్టి చూస్తూ — "ఆ ఆఫీసోళ్లు బండి బయట పెట్టుమన్నా ఫికరు లేదు. రోజూ నేనే ఎత్తుకుంట."
"బిగుతుగున్నదా బిడ్డా?"
"లేదు నాయినా. మంచిగున్నది."