చెయ్యి పెట్టిన గంప

భవానీపురం,
బుధవారం.

చి.ల.సౌ. గంగాదేవికి మంగరాజు దీవించి రాయునది. ఇక్కడ నేను, మణి, మన ఎండుచేపల కొట్టు అంతా క్షేమం. నాగాయలంకలో నువ్వూ అత్తయ్యా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. అత్తయ్య తుంటి ఎముక అతుక్కుంటోందని, గోడ పట్టుకుని నడుస్తోందని చదివి సంతోషించాను. బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను. చొక్కాలు మణి ఇస్త్రీకి ఇస్తున్నాడు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని విసుక్కున్నావు. అత్తయ్య స్పీకర్ పెడుతుంది, వీధి వీధంతా వింటుంది. ఇక్కడేమో మణి చెవులు నావైపే ఉంటాయి. అందుకని కాగితమే నయం.

"సొంత కొడుకు మీద అనుమానమేంటండీ, నలుగురూ వింటే నవ్వుతారు" అని రాశావు. అనుమానం ఊరికే వస్తుందా? నేను వెళ్ళేసరికి వాడు ముందే కొట్టు తెరిచి ఉంటాడు. ఫోన్ మోగితే వెనక సందులోకి పోతాడు. నేను అటు వెళ్తే "సరే అండీ, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తాడు. పటమటలో మెస్ నడిపే పద్మావతమ్మ గారు మా నాన్న కాలం నుంచీ మన కొట్లో తప్ప ఎండురొయ్య కొనని మనిషి. ఆవిడ ఇప్పుడు గడప తొక్కుతూనే "అబ్బాయి లేడా అండీ?" అంటోంది. యజమాని ఎదురుగా కూర్చుని ఉండగా అబ్బాయి ఎందుకు? పైగా పొద్దున నేను దింపించుకున్న సరుకులో, భోజనం చేసొచ్చేసరికి ఓ గంప తక్కువ. అడిగితే "అమ్ముడుపోయింది నాన్నా" అంటాడు, నా మొహం చూడకుండా. ఇబ్రహీంపట్నంలో వేరే కొట్టు పెడుతున్నాడని గట్టిగా అనుకున్నాను. మా నాన్నా బాబాయీ విడిపోయింది ఇలాగే, ఒక్కొక్క గంపా జారుకుంటూ.

మన ఆనవాయితీ నీకు తెలియనిది కాదు. వ్యాను దిగిన ప్రతి గంపనీ ఇంటి పెద్ద వాసన చూసి, బాగుంటే చెయ్యి పెడతాడు. ఆ చెయ్యి పడ్డాక ఇంకెవరూ వాసన చూడకూడదు. చూస్తే పెద్దవాణ్ణి అవమానించినట్టే. తాత చెయ్యి పెట్టాక మా నాన్న చూడలేదు, నాన్న పెట్టాక నేను చూడలేదు. మన కొట్టు పేరు ఇన్నాళ్ళు నిలబడింది ఆ చెయ్యి మీదే. మరి నా చెయ్యి పడ్డ గంప నాకు చెప్పకుండా ఎక్కడికి పోతున్నట్టు?

నిన్న భోజనానికని బయల్దేరి, చుట్టూ తిరిగి వెనక సందులోకి వెళ్ళాను. మణి, ఆటో దుర్గాప్రసాద్ కలిసి ఓ గంప ఆటోలోకి ఎక్కిస్తున్నారు. పొద్దున నేను చెయ్యి పెట్టిన నెత్తళ్ళ గంపే.

"ఎక్కడికిరా నా గంప?" అన్నాను.

దుర్గాప్రసాదే నసిగాడు. "కోళ్ళ మేతకండీ."

ఒళ్ళు మండిపోయింది. "నేను ఏరిన నెత్తళ్ళు కోళ్ళకా? ఎవడిస్తున్నాడ్రా నీకీ సలహాలు?"

"ఒక్కసారి వాసన చూడు నాన్నా" అన్నాడు మణి.

వంగి గట్టిగా పీల్చాను. "లక్షణంగా ఉంది" అన్నాను. తలెత్తేసరికి దుర్గాప్రసాద్ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

గంగా, నీ దగ్గర దాచిన మాట ఇది. ఆషాఢంలో వచ్చిన జ్వరం తగ్గింది కానీ, అప్పటి నుంచీ నా ముక్కుకు ఏ వాసనా తెలియడం లేదు. నాలుగు రోజులు పోతే అదే వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. ముక్కు పోయిందని తెలిస్తే కొట్లో నా కుర్చీ పోతుందని భయపడ్డాను. రంగు చూసి, వేళ్ళతో విరిచి చూసి నెట్టుకొచ్చాను. ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

"ఎప్పట్నుంచి తెలుసురా?" అని అడిగాను.

"వినాయక చవితికి ముందు పద్మావతమ్మ గారు రొయ్యలు తిప్పి పంపినప్పట్నుంచి. నువ్వు చెయ్యి పెట్టాక నేను చూడకూడదు కదా. నీ ఎదురుగా చూస్తే నీ పరువేం కాను? అందుకే నువ్వు అటెళ్ళాక ఇక్కడికి తెచ్చి చూస్తున్నా."

సిగ్గుతో చచ్చిపోయాను. కోపమూ వచ్చింది. నేను వాడి మీద నిఘా పెట్టినన్నాళ్ళూ వాడు నా మీద పెట్టాడన్నమాట.

ఇవాళ వ్యాను వచ్చాక అందరి ఎదుటా "నువ్వు చూడరా" అన్నాను. ఒక్కొక్క గంపా చూశాడు, అచ్చం మా నాన్నలాగే కళ్ళు మూసుకుని. చూస్తుంటే ముచ్చటేసింది. రెండు గంపలు వెనక్కి పంపాడు. మిగిలినవాటి మీద తను చెయ్యి పెట్టకుండా నావైపు తిరిగి, "చెయ్యి నువ్వు పెట్టు నాన్నా" అన్నాడు. పెట్టాను. అది గౌరవమో జాలో నాకింకా తేలలేదు.

ఇక మిగిలిన అనుమానం నీ మీద. ఊరికి వెళ్ళేముందు, బాగున్న గ్యాస్ పొయ్యి పక్కనపెట్టి కరెంటు పొయ్యి ఎందుకు కొనిపించావు? పాడైన పాలతో నేను టీ కలుపుకుంటే, గ్లాసు లాక్కుని వేరేది ఇచ్చావు, ఒక్క మాటా అనలేదు. నువ్వూ మణీ కలిసే చేశారా ఇదంతా? కోప్పడను, ఉన్నదున్నట్టు రాయి. కొట్లో ఏ మూల కూర్చోమన్నా కూర్చుంటాను. నాకు తెలియకుండా మాత్రం నన్ను కాపాడొద్దు.

ఇట్లు,
మణి నాన్న