ఒక్కపొద్దు విడిచిన శనివారం

వేల్పూర్,
2025 మార్చి 5, బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి మా కోడలు అంకితకు,

మీ అత్త వసంతమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని మా పంతులు నేర్పించాడు. నువ్వు క్షేమంగా లేవని నిన్న మా అబ్బాయి ప్రేమ్ ఫోన్ చేసి చెప్పాడు. అందుకే ఆ రెండో సగం రాయడం లేదు.

ఫోనులో మాట్లాడొచ్చు కదా, ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. నేను ఫోన్ పట్టుకుంటే మీ మామ టీవీ సౌండు తగ్గించి చెవులు ఇటు పెడతాడు. తొలివిడత పసుపు తీసుకొని మన నాగేందర్ ఈ రోజు మీ నిజామాబాద్ మార్కెట్ యార్డుకు వస్తున్నాడు. ఉత్తరం అతని చేతికిస్తున్నాను. చాయ్ తాగించి పంపు, లేకపోతే ఊరంతా చెప్తాడు.

ముందు ఇక్కడి సంగతులు. కల్లంలో పసుపు బాగానే ఎండుతున్నది. మబ్బు పట్టినప్పుడల్లా మీ మామ ఆకాశాన్ని తిడుతున్నాడు. వర్నిలో నీ ఆడబిడ్డ హర్షిణి ఆరోగ్యంగా ఉంది, వాళ్లత్త కాలు కింద పెట్టనివ్వడం లేదట. ఈ నెలాఖరులో సీమంతం. నువ్వు రానన్నావని ప్రేమ్ చెప్పాడు. రేపటి గురువారం డాక్టరు దగ్గరకు కూడా పోనన్నావట. సోమవారం మళ్లీ గదిలో ఒక్కదానివే కూర్చుని బిస్కెట్ల నుంచి మర్నాటి ఇడ్లీ పిండి దాకా ఏది దొరికితే అది తిన్నావని, అందరి ముందు అంత మాట చెప్పి రెండు రోజులు కూడా నిలబడలేకపోయానని ఏడ్చావని చెప్పాడు. ఇంటి పరువు తీశానన్నావట. దానికే ఈ ఉత్తరం.

పరువు సంగతి నాకంటే నీకు ఎక్కువ తెలియదు గనుక కాస్త విను.

నువ్వు మా ఇంటికి వచ్చిన కొత్తలో నీ ఒక్కపొద్దులే మాకు పెద్ద గొప్ప. సోమవారం ఒకటి, శనివారం ఒకటి. పగలంతా పచ్చి గంగ ముట్టకుండా ఉండి పొద్దుగూకాక ఒక్కసారి తినేదానివి. ఏ పెళ్లికి పోయినా నేను ఆ మాటే చెప్పుకునేదాన్ని. నువ్వు ఒళ్లు చేస్తున్నావని చూసి మీ పెద్దత్త గంగుబాయి శుక్రవారం కూడా కలుపుకొమ్మన్నది. నువ్వు సరేనన్నావు. ఉపవాసాలు పెరిగినకొద్దీ మనిషి ఎందుకు లావవుతున్నదో మాలో ఒక్కరికీ తట్టలేదు. దేవుడు పరీక్ష పెడుతున్నాడు అనుకున్నాం. ఇంకో వారం మొక్కుకొమ్మన్నాం. ఇంత తెలివితక్కువ వైద్యం మన ఇళ్లలోనే చేస్తారు.

దసరా సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. బతుకమ్మకు వచ్చిన హర్షిణి తిరిగి పోతుంటే వాళ్ల వాడకట్టులో పంచడానికి తీపి గరిజెలు చేసి పెద్ద డబ్బాలో పెట్టాం. మర్నాడు డబ్బా ఎత్తితే ఖాళీ. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే నేనే కోతులు ఎత్తుకుపోయాయని చెప్పాను. మీ మామ వెంటనే నమ్మాడు. ఈ ఇంటికి కోతుల బెడద కొత్తది కాదు కదా. ఆ వారమే సామాన్ల గది కిటికీకి ఇనుప జాలి కొట్టించాడు. ఇప్పుడు ఆ గదిలోకి గాలి కూడా అడిగి రావాలి.

డబ్బా ఖాళీ కనబడిన ముందు రోజు మధ్యాహ్నం నేను బెల్లం కోసం ఆ గదికి వచ్చి, బియ్యం బస్తాల వెనక నువ్వు నిలబడి గరిజెలు తినడం చూశాను. నువ్వు నన్ను చూడలేదు. ఇష్టంగా తినేవాళ్లు అట్లా తినరు బిడ్డా. నమలకుండా మింగుతున్నావు, కళ్లలో నీళ్లు కారుతున్నాయి. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

దీపావళికి వచ్చినప్పుడు నీ అంతట నువ్వే నాతో చెప్పావు. డాక్టరుకు చూపించుకుంటున్నానని, ఇది తిండిపోతుతనం కాదని. పగలు కడుపు మాడ్చుకోవడం, తర్వాత చెయ్యి ఆగకపోవడం, ఆ సిగ్గుతో మళ్లీ మాడ్చుకోవడం, ఇదంతా గిర్రున తిరిగే ఒక రోగమని. వేళకు తినాలన్నాడు, దాచుకొని తినొద్దన్నాడు, ఒకనాడు అదుపు తప్పినా తర్వాతి పూట మానొద్దన్నాడు. తినమని చెప్పే వైద్యం కూడా ఉంటుందా అనుకున్నాను. కానీ నీ ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది గనుక నోరు మూసుకున్నాను.

ఇక మొన్నటి శనివారం. పసుపు ఉడకబెట్టిన రోజు కూలీలూ మనవాళ్లూ కల్లం దగ్గర ఒకే బంతిలో కూర్చోవడం మనకు ఆనవాయితీ. అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. గంగుబాయి గరిటె పట్టుకొని వస్తూ వస్తూ నిన్ను దాటేసి ముందుకు పోయింది. అంకితకు ఒక్కపొద్దు, మా ఇంట్లో ఇంత నిష్ఠ ఎవరికీ లేదని పక్కవాళ్లకు కూడా చెప్పింది. నేనైతే నువ్వు ఊరుకుంటావనే అనుకున్నాను. ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు, నీకు తప్ప. నువ్వు విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డావు. నీ మాట ఒక్కటీ నేను మరిచిపోలేదు.

"పెద్దత్తా, నేను ఒక్కపొద్దులు బంద్ చేసిన. పొద్దంతా ఉపాసముంటే పొద్దుగూకినంక నా చెయ్యి నా మాట ఇనదు. దొంగతనంగ తింట, కడుపు పగిలేదాక తింట. గది నా బుద్ధి గాదు, రోగం. డాక్టరుకు చూపెట్టుకుంటున్న. నాకు గూడ అందరితోటి పెట్టు."

గంగుబాయి రెండడుగులు వెనక్కి వచ్చి నీ విస్తరిలో అన్నం పెట్టింది. నువ్వు కూర్చున్నావు. మెల్లగా కలుపుకొని, నమిలి, విస్తరి మడిచి లేచావు. నాకు కూడా శనివారం ఒక్కపొద్దే కదా. అయినా నేనూ విస్తరి వేయించుకున్నాను. ఇదేంటి వసంతా అని గంగుబాయి అడిగితే కోడలికి తోడుగా తింటున్నానన్నాను.

నా పెళ్లినాడు కూడా నాకు అంత గర్వం కలగలేదు. ఈ మాట మీ మామకు చెప్పకు.

నువ్వు పరువు పోయిందంటున్నావు. నిన్న గంగుబాయి మన ఇంటికి వచ్చింది. దెప్పడానికే వచ్చిందనుకొని నేను కొంగు బిగించాను. ఆమె చాయ్ తాగి, "గంతమంది నడుమ గట్ల చెప్పుడు నాతోనైతే గాదు, వసంతా" అని లేచి వెళ్లిపోయింది. ఆమె నోటి నుంచి ఒకరి మెప్పు నేను ఇదే మొదటిసారి వినడం.

సోమవారం సంగతికి వస్తాను. బోరు మోటారు కాలిపోయిందని ఎవరైనా పొలం అమ్ముకుంటారా? తిట్టుకుంటూ విప్పి, బాగు చేయించి, మళ్లీ దింపుతారు. నువ్వు సోమవారం తప్పావు, సరే. మంగళవారం పొద్దున అన్నం తిన్నదా అని ప్రేమ్‌ను అడిగితే మానేసిందన్నాడు. నా కోపమంతా దాని మీదే. సోమవారం తిన్నదాని మీద కాదు, మంగళవారం తిననిదాని మీద. ఈ ఉత్తరం అందేటప్పటికి ఏ వేళైతే ఆ వేళ భోజనం చెయ్యి. నాగేందర్ ఎదురుగా కూర్చుని తిను. రేపు డాక్టరు దగ్గరకు పో. నెలాఖరుకు వర్నికి రా. హర్షిణి పక్క పీట మీద నువ్వే కూర్చోవాలి, నీ విస్తరి నేనే వేస్తాను.

ప్రేమ్‌కు నా దీవెనలు. నిన్ను కన్నవాళ్లు అదృష్టవంతులు, తెచ్చుకున్న నేను ఇంకా అదృష్టవంతురాలిని.

ఇట్లు,
నీ అత్త,
వసంతమ్మ

తాజాకలం: ఉత్తరం మళ్లీ చదువుకుంటే ఒక అబద్ధం కనిపించింది. శనివారం నేను తిన్నది నీకు తోడుగా కాదు. దసరా డబ్బాలో నువ్వు తిన్నది సగమే. నువ్వు గది నుంచి వెళ్లిపోయాక మిగిలిన సగం నేను తిన్నాను, అవే బస్తాల వెనక నిలబడి, అట్లాగే ఏడుస్తూ. ఈ ఇంట్లో కోతులు నువ్వు రాకముందు నుంచే ఉన్నాయి, హర్షిణి పాలు తాగే నాటి నుంచి. దాన్ని నేను నా పాడు బుద్ధి అనుకొని, దేవుడికి చెప్పుకోవడానికి కూడా సిగ్గుపడి, ఒక్కపొద్దులు పెంచుకుంటూ పోయాను. అది రోగమని, దానికి మందు ఉందని నువ్వు కల్లంలో నిలబడి చెప్తుంటే, నా గురించే చెప్తున్నావనిపించింది. రేపు పొద్దున బస్సుకు వస్తున్నాను. డాక్టరు దగ్గర నీ పేరు కింద నా పేరు కూడా రాయించు. ఇంట్లో తినే బయల్దేరుతాను.