మధ్యాహ్నం హారన్

జూన్ 9, 1957. ఆళ్లగడ్డ

బ్యాటరీ మళ్లీ దిగిపోయింది. స్టార్టరు మీట లాగితే కారు ఒకసారి మూలిగి ఊరుకుంది. నంద్యాలలో ఛార్జి చేయించి తెచ్చి పదిహేను రోజులు కాలేదు. హ్యాండిలు పెట్టి భుజం పట్టేసేదాకా తిప్పాను... నిప్పురవ్వ పుట్టడానికైనా అందులో కాస్త ప్రాణం ఉండాలి కదా.

పోయిన ఏడాదీ కారు ఇదే కొట్టంలో ఉంది. రత్నమ్మకు నొప్పులు వచ్చిన రోజు లేవలేదు. బస్సు వెళ్లిపోయింది. ఎద్దులబండి కట్టించాను. శిరివెళ్ల చేరకముందే బిడ్డ పుట్టాడు. ఏడవలేదు. ఆరు నెలలు ఆ కారు మూత ఎత్తి చూడనివాణ్ణి నేనే. కొడుకును పోగొట్టుకున్నది నా చేతులారా.

ఇప్పుడామెకు మళ్లీ ఆరో నెల.

జూన్ 10

బ్యాటరీని గోనెసంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. కండక్టరు — "యాసిడ్ ఒలికితే జనం నన్ను తంతారు, నీ ఒళ్లోనే పెట్టుకో." పెట్టుకున్నాను. పంచెకు నాలుగు చిల్లులు.

మెకానిక్ ఖాసీం గాజుగొట్టంతో యాసిడ్ పీల్చి చూశాడు. "నిలబెట్టిన బండిలో బ్యాటరీ కట్టేసిన ఎద్దు మాదిరప్పా. మేత ఎయ్యాల, నడిపియ్యాల. ఊరికే స్టార్టు చేసి ఆపితే ఇచ్చేదే గాని దానికి వచ్చేది ల్యా. వారానికొకతూరి పది మైళ్లు తిప్పు."

రెండు రోజులు మెల్లగా ఎక్కాలట. వదిలేసి వచ్చాను.

జూన్ 13

తెచ్చి బిగించాను. వైర్లు తగిలించే కొనల మీద పేరుకున్న తెల్లటి పొడి వేడినీళ్లతో కడిగి, వేజలైన్ పూసి... లోపలి పలకలు మునిగేదాకా మందుల షాపు డిస్టిల్డ్ వాటర్. బావినీళ్లు పోస్తే చంపుతానన్నాడు ఖాసీం.

గడపలోంచి రత్నమ్మ — "దాని మీద ఉండే యావ మనుషుల మీద ల్యా."

నిజమే. ఈ మూడు రోజులూ నాయన మధ్యాహ్నం సరిగా తినలేదట, ఎండలకేమో అనుకుని పట్టించుకోలేదు.

జూన్ 20

డాక్టరమ్మ తొమ్మిదో నెల నంద్యాలలోనే ఉండమంది. రత్నమ్మ వినదు. "మామకు ముద్ద ఎవరు పెడతారు?"

నాయనకు పక్షవాతం వచ్చి మూడేళ్లు. మాట లేదు. అమ్మ పోయినప్పటి నుంచి రత్నమ్మ చేతి ముద్దే. పక్కింటి నరసమ్మ పెట్టబోతే పళ్లు బిగిస్తాడు.

అంటే ఇరవై ఐదు మైళ్లు. నొప్పులు మొదలయ్యాక. ఈ కారులో.

జూన్ 30

ఆదివారం. పది మైళ్లు తిప్పాను. బాగానే లేచింది... కానీ ఏదో నీరసం.

జూలై 4

మళ్లీ సగం దిగింది. నేను వారం వారం పోస్తున్నది ఎక్కడికి పోతోంది?

ఖాసీం — "ఎవురో తాగతాండారప్పా. బండి నిలిపినప్పుడల్లా బ్యాటరీకుండే ఒక వైరు ఇప్పి పెట్టు, తెలుస్తాది."

విప్పాను.

జూలై 5

నాయన మళ్లీ మధ్యాహ్నం తినలేదు.

జూలై 6

ఈ రోజూ తినలేదు. జ్వరం లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

జూలై 7

అంగడి మూసి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. కొట్టం తలుపు తీసి ఉంది. కారులో రత్నమ్మ... కడుపు అడ్డం వస్తుంటే పక్కకు ఒరిగి కూర్చుని హారన్ నొక్కుతోంది. చప్పుడు లేదు. మళ్లీ నొక్కుతోంది. కళ్లనిండా నీళ్లు.

"ఇది పలకడం ల్యా. మామ ముద్ద ముట్టడం ల్యా."

చెప్పింది. నాయన కారు నడిపే కాలంలో వీధి మొదట్లో హారన్ కొట్టేవాడు, అమ్మ విస్తరి వేసేది. ఇప్పుడూ అంతే. "ఆ సద్దు ఇంటేనే ఆయన ఇంటికొచ్చినట్టు. ఇంటికి రాందే యాడ తింటాడు?"

— ఎన్నాళ్ల నుంచి కొడుతున్నావు?

"అత్త పొయ్యినప్పట్నుంచి. తాళం తిప్పితే ఎర్రదీపం ఎలగతాది, అప్పుడు పలుకుతాది. నడమ ఆయన తినేది ఆపితే మళ్లా కొట్టాల గదా. అందుకని తినేదాకా అట్లే ఉంచుతా."

వైరు బిగించాను. కొట్టింది. నాయన తల తిప్పాడు. నోరు తెరిచాడు.

జూలై 8

ఖాసీంను అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. "తాళం తిప్పి వదిలితే ఇంజను తిరక్కపోయినా కరెంటు తాగతానే ఉంటాదప్పా. రోజుకు అరగంట చాలు, సంపేదానికి."

అత్త పోయినప్పటి నుంచి అంది. అమ్మ పోయి రెండేళ్లు.

పోయిన ఏడాది కూడా, అంటే...

ఇది ఆమెకు తెలియకూడదు. తప్పు నా నెత్తినే ఉండనీ. అలవాటైంది. ఆమె మోయలేదు.

జూలై 10

మాటల మధ్యలో అన్నట్టు అన్నాను — హారన్ కొట్టాక తాళం తీసెయ్యి, ఊరికే తిప్పి ఉంచకు.

"ఉంచితే ఏమైతాది?"

ఏం కాదు, తాళం అరుగుతుంది, అన్నాను. అబద్ధం ఆడటం నాకు ముందు నుంచీ చేతకాదు. చాలాసేపు నా మొహం చూసింది. అన్నం వడ్డించి లోపలికి వెళ్లింది.

జూలై 11

కారు తాళం నా చొక్కా జేబులో ఉంది. నేను పెట్టుకోలేదు.

జూలై 28

బ్యాటరీ బాగుంది. ఒక్క మీటకే లేస్తోంది. ఖాసీం గొట్టం పెట్టి చూసి — "ఇప్పుడు దారికొచ్చె."

ఆగస్టు 18

నాయన బక్కచిక్కాడు. ఎండలప్పటి నీరసం అంటుంది రత్నమ్మ. ఎండలెక్కడివి? వానలు పడుతుంటే.

గంటసేపు బతిమాలితే నాలుగు ముద్దలట.

సెప్టెంబరు 3

ఆదివారం కాకపోయినా తిప్పి వచ్చాను. నీళ్లు చూశాను. కొనలు తుడిచాను. ఇంకేం చేయాలో తోచదు. రోజూ మూత ఎత్తి దాని మొహం చూడటం... పిచ్చివాణ్ణనుకుంటారు.

రత్నమ్మ నాతో మాట్లాడటం తగ్గించింది. నెలలు నిండిన బరువు అనుకుంటున్నాను.

సెప్టెంబరు 24. నంద్యాల, ఆసుపత్రి వరండా

పొద్దున ఏడింటికి నొప్పులు. కారు ఒక్క మీటకే లేచింది. నాకు ఏడుపొచ్చింది.

బయలుదేరేముందు ఆమె నాయన మంచం దగ్గర నిలబడింది. దుప్పటి సరిచేసింది. నరసమ్మను కూర్చోబెట్టి వచ్చాం.

శిరివెళ్ల దగ్గర గొర్రెల మంద రోడ్డుకు అడ్డం. హారన్ మీద చెయ్యి వేశాను. వెనక సీటులోంచి, పంటి బిగువున —

"కొట్టాకండి... బ్యాటరీ దిగుతాది."

చెయ్యి తీసేశాను. మంద దాటేదాకా ఆగాను. అద్దంలో చూశాను. కిటికీలోంచి రోడ్డు పక్కకు చూస్తోంది. పోయిన ఏడాది ఎద్దులబండి ఆగిన చోటు అదే.

అయితే జూలై పదో తేదీ నుంచే తెలుసు. రెండున్నర నెలలు నేను దాచాననుకున్నాను. హారన్ ముట్టకుండా, నాయనను బతిమాలుతూ, ఒక్కతే మోసింది. నువ్వెందుకు మోయాలి, తప్పు నాది, అని ఒక్క మాట ముందే అనలేకపోయానే.

తలుపు వేసి రెండు గంటలైంది. లోపలి నుంచి అరుపులు లేవు. ఏ చప్పుడూ లేదు. అదే భయం.

ఇందాక ఆయా తల బయటపెట్టి — "వాళ్ల మామ తిన్న్యాడో లేదో కనుక్కోమంటాంది."

పన్నెండు దాటింది. హారన్ ఇక్కడ, వేపచెట్టు కింద ఉంది. ఇరవై ఐదు మైళ్ల అవతల నాయన ఇంకా ఇంటికి రాలేదు.

తిన్నాడని చెప్పమన్నాను. నమ్మదు.